నాదా? నీదా?

జనవరి 18

మైకు బావకి,

నీకు ఫోన్ చేస్తుంటే మోగీ మోగీ ఆగిపోతోంది. ఎప్పుడైనా అక్క ఎత్తితే "మీ బావ బయటికెళ్ళార్రా" అంటుంది. అంటూ ఉండగానే వెనక నుంచి నీ దగ్గు వినిపిస్తుంది. బయటికెళ్ళిన మనిషి దగ్గొక్కటీ ఇంట్లో వదిలేసి వెళ్ళాడా? సరే, నాతో మాట్లాడటం ఇష్టం లేకపోతే చదువు. అందుకే ఉత్తరం రాస్తున్నా.

ఆటల పోటీలు మళ్ళీ మా ఊరికే వచ్చాయి. ఈతకీ, పరుగుకీ ఊరవతల కొత్తవి కట్టారు గానీ ఫుట్‌బాల్ మాత్రం మన పాత స్టేడియంలోనే. దేశదేశాల జట్లు దిగుతున్నాయి. నిన్న పోటీల ఆఫీసు నుంచి ఒకావిడ నా కొట్టుకొచ్చింది. కుట్టుమిషన్ ఆపి మరీ విన్నా. మన పాత జట్టుని పిలుస్తున్నారట బావా! కాంస్యం మ్యాచ్‌కి ముందు మనల్ని మైదానంలోకి తీసుకెళ్ళి, అప్పట్లో మనల్ని ఓడించినవాళ్ళతోనే కాసేపు సరదాగా ఆడిస్తారట. "మూడో స్థానం మ్యాచ్‌కి నాలుగో స్థానం వాళ్ళని పిలవడమేంటమ్మా" అన్నా. ఆవిడ నవ్వలేదు. పాపం, కొత్త ఉద్యోగంలా ఉంది.

సాయంత్రం కొట్టు కట్టేసి స్టేడియం చూసొచ్చా. కుర్చీలకి రంగులేశారు, దీపాలు మార్చారు. బస్టాండు వైపు గోల్ మాత్రం అక్కడే ఉంది. నీ గోల్. దాని ముందు నిలబడితే నా కాళ్ళు వాటంతటవే కుడివైపుకి జరిగాయి. బ్యాక్ ఆడిన కాళ్ళు కదా, వాటికి ఇంకా గుర్తుంది.

పోటీల హాస్టల్ గుర్తుందా నీకు? గోడల సున్నం ఇంకా ఆరనే లేదు. మంచం నీ పొడవుకి చాలక నా పెట్టె లాక్కుని కాళ్ళ కింద పెట్టుకుని పడుకునేవాడివి. పొద్దున్నే నా చొక్కా కావాలంటే ముందు నీ కాళ్ళు ఎత్తాలి. పక్క గదిలో బరువులెత్తేవాళ్ళు నవ్వితే మన కిటికీ అదిరేది. భోజనాల హాల్లో ఆ చివర నుంచి "ఒరేయ్, గుడ్లు అయిపోతున్నాయి!" అని నువ్వొక కేక పెడితే, భాష రాని ఈతగాళ్ళు కూడా పళ్ళాలు పట్టుకుని లేచి పరిగెత్తారు. ఆ రోజే కదా నీకు మైకు అని పేరొచ్చింది. అక్కని చేసుకుని బావవి అయ్యావు గానీ నాకు ముందు నువ్వు మైకువే.

కెప్టెన్ పోయాడు. మిగిలినవాళ్ళం కొద్దిమందిమే. మనల్ని ఇంకోసారి ఎవరూ పిలవరు. నువ్వు గోల్లో ఉండాలి, నేను నీ కుడిపక్క ఉండాలి. నిన్నొక మాట కూడా అడగాలి, అది ఎదురుపడ్డాకే అడుగుతా. జెర్సీలు నేనే కుడుతున్నా కాబట్టి నీ ఛాతీ కొలత, చేతుల పొడవు పంపు. పొట్ట బిగబట్టి కొలవకు.

నీ కుడిపక్కవాడు


ఫిబ్రవరి 2

ఒరే చెవిటి మేళం,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు కూడా మిషన్ కుట్టులా ఇరికించి రాస్తావేంట్రా, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకోవాల్సొచ్చింది.

నేను రాను. ముందే చెప్పేస్తున్నా, తర్వాత బతిమాలకు.

మార్కెట్‌కి వెళ్ళడం కూడా మానేశా. ఇన్నేళ్ళు కూరగాయల వేలం పాడినవాణ్ణి. నేను బల్లెక్కి కేకేస్తే వెనక వీధిలో బండి దించుకునేవాడు కూడా అక్కణ్ణుంచే టమాటా బుట్టకి ధర చెప్పేవాడు. ఇప్పుడు నా బల్ల మీద కొత్తాయన పాడుతున్నాడు. చేతిలో మైకు పెట్టుకున్నాడు. నాకు పేరు మైకు, ఆయనకి నిజం మైకు. వంకాయల ధర కూడా పెళ్ళికి పిలుస్తున్నంత మెత్తగా చెప్తున్నాడు. కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు, అదే నాకు ఒళ్ళు మండేది.

గోల్లో నిలబడేవాడికి చేతుల కంటే ముందు నోరుండాలి. ముందున్నవాళ్ళని జరపాలి, తిట్టాలి, పిలవాలి. నేనక్కడికొచ్చి ఏం చెయ్యను? ఎంత అరిచినా నా మాట ఎవడికి వినిపిస్తుందిరా? వినిపించని చోట నిలబడటం నాకు అలవాటు లేదు.

ఇంకోటి. ఆ రోజు భోజనాల హాల్లో నేనన్నది గుడ్లు కాదు, పళ్ళు. "పళ్ళు అయిపోతున్నాయి" అన్నా. అరటిపళ్ళ గెల చుట్టూ కుస్తీవాళ్ళు మూగారు, అది చూసి అన్నా. నువ్వు గుడ్ల వైపు పరిగెత్తితే అందరూ నీ వెనక పరిగెత్తారు. నీ చెవులకి దణ్ణంరా బాబూ.

మీ అక్క బాగుంది. మోకాళ్ళకి మందు రాసుకుంటూ, నా మోకాళ్ళ గురించి నన్ను తిడుతోంది. కొలతలు పంపను. గోల్లో ఇంకెవరినైనా పెట్టుకోండి.

బల్ల దిగిన నీ బావ


ఫిబ్రవరి 11

బావా,

ఈసారి 'మైకు' అని రాయలేదు, గమనించు. కోపంగా ఉన్నా.

"నా మాట ఎవడికి వినిపిస్తుంది" అని రాశావు. అది ఎవరిని అన్నావో నాకు తెలీదనుకున్నావా? ఆ తర్వాత గుడ్లూ పళ్ళూ అని దెప్పడం కూడానా!

నీ పెళ్ళిలో మొదలుపెట్టావు. మా అమ్మాయి పెళ్ళిలో అయితే వియ్యంకుడి ముందు కుర్చీ ఎక్కి మరీ చెప్పావు. "కాంస్యం మ్యాచ్. స్కోరు సమానం. ఆట అయిపోవస్తోంది. ఎత్తుగా ఒక బంతి వచ్చింది. 'నాది!' అని స్టేడియం కప్పు ఎగిరిపోయేలా అరిచా. మా బావమరిది గారికి అది 'నీది' అని వినిపించింది. ఎగిరి తలతో కొట్టాడు. బంతి నా చేతుల మీద నుంచి మా గోల్లోకే!" అని నువ్వు చేతులు తిప్పుతూ చెప్తుంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతా. అంతమందిలో ముఖం మాడ్చుకుంటే బాగుండదు కదా. ఇప్పుడు మా మనవరాలు కూడా నన్ను చెవిటి తాత అంటోంది. చెవుల డాక్టరేమో నీ చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు.

బావా, నేను 'నీది' అనే విన్నాను. నా పిల్లల మీద ఒట్టు. గోల్‌కీపర్ 'నీది' అన్నాక ఆగితేనే తప్పు, అందుకే ఎగిరా. చేతికందబోయిన కాంస్యం ఒక్క అక్షరం దగ్గర జారిపోయింది. పతకం పోతే పోయింది, దాన్ని ఎప్పుడో మర్చిపోయా. "నువ్వు విన్నది నిజమేరా" అని ఒక్కసారి నీ నోటితో అంటావేమోనని ఇన్నేళ్ళూ చూస్తున్నా. ఎదురుపడి అడగాలనుకున్నది అదే. ఆ గోల్ ముందే నిలబడి అడుగుదామనుకున్నా. నువ్వు రానంటే ఇంకెక్కడ అడగను?

కొలతల కోసం అక్కకి ఫోన్ చేశా. తను చెప్పిన ఛాతీ కొలత విని నవ్వాపుకోలేకపోయా. అది మనిషి కొలతా, దిండు గలీబు కొలతా? టేపు తిరగేసి పట్టుకున్నట్టుంది. నేను నీ పాత కొలతకే, పొట్ట దగ్గర కాస్త వదులు పెట్టి కుట్టేశా. వీపు మీద ఒకటో నంబరు కూడా వేశా. వస్తే తొడుక్కో. రాకపోతే కొట్లో బొమ్మకి తొడుగుతా. బొమ్మయితే నన్ను చెవిటి మేళం అనదు.

చెవులున్న బావమరిది


ఫిబ్రవరి 20

ఒరేయ్,

మీ అక్క టేపు సరిగ్గానే పట్టుకుంది.

గొంతులో కాయ లేచింది. మొదట్లో జలుబనుకున్నాం. బొంగురు తగ్గలేదు, తర్వాత మింగుడు పడటం మానేసింది. తిండి తగ్గింది, దాంతోపాటు నేనూ తగ్గాను. వచ్చే నెల కోసి తీసేస్తారు. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. గొంతు మాత్రం వస్తుందో రాదో, వస్తే ఎలాంటిది వస్తుందో చెప్పలేనన్నాడు. "మా ఆవిడ గొంతులాంటిది రాకుండా చూడండి" అని కాగితం మీద రాసి ఇచ్చా. అది మీ అక్క చదివింది. ఆ రోజు ఇంట్లో నాకు జావ కూడా దొరకలేదు.

ఇప్పుడు అర్థమైందా ఫోన్ ఎందుకు ఎత్తట్లేదో? నా కేక విన్నవాడివి నువ్వు. ఈ పిల్లికూత నీ చెవిన పడటం నాకిష్టం లేదు. "నా మాట ఎవడికి వినిపిస్తుంది" అన్నది నీ చెవుల్ని కాదురా పిచ్చివాడా, నా గొంతుని. మార్కెట్‌లో ఆఖరిరోజు బల్లెక్కి నోరు తెరిస్తే గాలి వచ్చింది. ఎదురుగా బెండకాయ బస్తాలవాడు తల దించుకున్నాడు. అది చూసి దిగిపోయా.

పెళ్ళిళ్ళలో నేను చెప్పేది నవ్వించడానికి. నువ్వు కూడా నవ్వుతుంటే నీకూ సరదాగానే ఉందనుకున్నా. ఇక చెప్పను. చెప్పాలన్నా ఇప్పుడు గొంతు లేదు.

కానీ నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. నేను 'నాది' అనే అన్నాను. నీ సంతోషం కోసం 'నీది' అన్నానని రాయొచ్చు, నాలుగు అక్షరాల పని. అలా రాసిస్తే నువ్వు తీసుకుంటావా? తీసుకోవు, నాకు తెలుసు. నా నోట్లోంచి వచ్చిన మాట నాకు గుర్తుంది.

జెర్సీ బొమ్మకే తొడుగు. దానికైనా నిండుగా ఉంటుంది.

సగం గొంతు బావ


ఫిబ్రవరి 26

మైకు బావా,

నీ ఉత్తరం చదివి షట్టర్ దించేశా. లోపల కూర్చుని ఏడ్చా, నీ దగ్గర దాచేదేముంది. ఛాతీ కొలత చూసి నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నా. వెంటనే బయల్దేరదామనుకుంటే అక్క ఒప్పుకోలేదు. "ఆపరేషన్ అయ్యాక రా. ఇప్పుడొస్తే ఇద్దరూ చెరో గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తారు, మీ ఇద్దరికీ టీలు పెట్టే ఓపిక నాకు లేదు" అంది. చెప్పేటప్పుడు దాని గొంతు కూడా బాగాలేదు.

జెర్సీ కుట్లు విప్పేశా. రెండు పక్కలా లోపలికి మడిచి మళ్ళీ కుడుతున్నా. ఎక్కువైన బట్ట కత్తిరించలేదు, లోపలే ఉంచేశా. నీకు ఒళ్ళొచ్చాక విప్పుకుందాం.

ఆ మ్యాచ్ తర్వాత సంగతి నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టు ఉంది. బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ నా వైపు చూడట్లేదు. నా చేతులకి బూట్లు విప్పడం కూడా రావట్లేదు. నువ్వొచ్చి నా ముందు నేల మీద కూర్చుని తడిసిన ముడి గోళ్ళతో లాగి లేసులు విప్పావు. ఊరంతా వినిపించే మనిషివి, ఒక్క మాట అనలేదు. బస్సులో నా పక్కనే కూర్చున్నావు. హాస్టల్‌కి వెళ్ళాక నా పెట్టె నాకు తిరిగిచ్చేసి, కాళ్ళు గాల్లో వేలాడేసుకుని పడుకున్నావు. కోపమొచ్చి ఇచ్చావేమోనని అప్పుడు భయపడ్డా. అడగలేదు. ఇది మాత్రం ఏ పెళ్ళిలోనూ చెప్పవేం?

నువ్వు రా. గొంతు లేకపోతే చెయ్యెత్తు. ఎత్తితే నువ్వు 'నాది' అన్నట్టు, ఎత్తకపోతే 'నీది' అన్నట్టు. చెయ్యి కళ్ళకి కనిపిస్తుంది కదా, ఇంక నా చెవులతో పనేముంది? ఆ పాత మాట ఇంక అడగను. నువ్వు నా వెనక గోల్లో నిలబడితే చాలు, నేను ధైర్యంగా ముందుకి చూస్తా.

నీ కుడిపక్కవాడు


మార్చి 14

ఒరే,

కోశారు. బతికే ఉన్నా. ఆస్పత్రి మంచం ఇది కూడా పొట్టే, నీ పెట్టె పంపు.

పెట్టె ఎందుకిచ్చానంటే, ఆ రోజు నువ్వు బట్టలు సర్దుకుని పొద్దున్నే ఒక్కడివే ఇంటికి పారిపోతావనిపించింది. మూత తీసి సర్దే చప్పుడు వినిపిస్తే లేచి పట్టుకుందామని మేలుకునే ఉన్నా. ఇందులో కోపం ఎక్కడిదిరా?

మాట్లాడకూడదు. పలక ఇచ్చారు. మీ అక్క నేను రాసింది చదవకుండానే చెరిపేస్తోంది, ఇన్నేళ్ళ కసి తీర్చుకుంటోంది. డాక్టరు మైదానంలో నిలబడొచ్చన్నాడు, ఎగరకూడదట. ఎగరడానికి కాళ్ళెక్కడున్నాయి?

వస్తున్నా. చెయ్యెత్తితే నాది. గుర్తుపెట్టుకుని ఏడు.

బావ


ఏప్రిల్ 6

చెయ్యెత్తే బావకి,

నువ్వు క్షేమంగా ఇల్లు చేరావని అక్క చెప్పింది. రెండు రోజులు నా ఇంట్లో ఉండి కూడా మనం మాట్లాడుకుంది లేదు. నువ్వు పలక మీద రాశావు, అందులో సగం తిట్లే. అందుకే మిగిలింది ఉత్తరంలో రాస్తున్నా.

నిజం చెప్పు, నీకు బంతి కనిపించిందా లేదా?

వాళ్ళ పొడుగాటి ఫార్వర్డ్, అప్పట్లో గుర్రంలా పరిగెత్తినాయన, నడుం వంగిపోయి వచ్చాడు. మన భాష రాదు, ఆయన భాష మనకి రాదు, అయినా నీ గొంతు మీద కుట్లు చూసి నీ చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. ఆ పెద్దమనిషే కొట్టాడు. అంత మెల్లగా వచ్చిన బంతిని నేనెప్పుడూ చూడలేదు. దారిలో ఇద్దరు ముగ్గుర్ని పలకరించి వస్తున్నట్టుంది. నేను వెనక్కి తిరిగి నీ వైపు చూశా. చెయ్యెత్తావు! చంక కనిపించేలా, నిండుగా ఎత్తావు. హమ్మయ్య, నాది అన్నాడు అనుకుని మర్యాదగా పక్కకి జరిగా.

బంతి ఒకసారి గెంతి నీ కాలి పక్క నుంచి గోల్లోకి దొర్లిపోయింది. నువ్వింకా చెయ్యి ఊపుతూనే ఉన్నావు, మెట్ల మీద కూర్చున్న మా అక్కకి!

స్టేడియం స్టేడియమంతా గొల్లున నవ్వింది. నువ్వు వెనక్కి తిరిగి వలలో బంతిని చూశావు, నన్ను చూశావు, నోరు తెరిచి నవ్వావు. చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. నాకు నవ్వాగక గడ్డి మీద కూలబడిపోయా. ఆ గోల్ ముందు కూర్చుని నవ్వుతానని ఎప్పుడూ అనుకోలేదు బావా. నువ్వొచ్చి పక్కన కూర్చుని పలక మీద "చెవిటి మేళం" అని రాసి, అది చెరిపేసి "గుడ్డి మేళం" అని రాశావు. ఆ పలక నా దగ్గరే ఉండిపోయింది. తుడవలేదు.

తర్వాత జరిగిన అసలు మ్యాచ్‌లో ఓడిన జట్టు బ్యాక్ ఒక్కడే గోల్ దగ్గర కూర్చుంటే, వాళ్ళ గోల్‌కీపర్ వెళ్ళి నీళ్ళ సీసా చేతికిచ్చాడు. నువ్వు నా మోచెయ్యి నొక్కావు.

మాటిచ్చాను కాబట్టి పాత సంగతి అడగలేదు. అడగాలని లేదని మాత్రం అనను. నా చెవిలో ఆ 'నీది' ఇప్పటికీ అలాగే ఉంది.

నీ బావమరిది


మే 19

ఒరేయ్ బావమరిదీ,

తిట్టు లేకుండా మొదలుపెట్టానని కంగారుపడకు, ఆరోగ్యం బాగానే ఉంది. జెర్సీ ఒక పక్క కుట్టు విప్పాల్సొచ్చింది. రెండో పక్క నువ్వొచ్చి విప్పుదువుగాని.

మాట నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్తున్నా. గొంతు కొంచెం వస్తోంది, ఇనప తలుపు తీసినట్టుంటుంది. ఆ అమ్మాయి నాకు వీపు పెట్టి కూర్చుంటుంది. నేను మాట అంటే, పెదాలు చూడకుండా చెవితోనే విని కాగితం మీద రాయాలట. అన్నీ జంట మాటలు. కాలు, కీలు. పాట, పీట. నిన్న వచ్చిన జంట ఏంటో చెప్పుకో. నాది, నీది.

'నాది' అన్నా. ఆ అమ్మాయి 'నీది' అని రాసింది. మళ్ళీ అన్నా. మళ్ళీ 'నీది'. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు కూడానా తల్లీ, మా బావమరిదికి చుట్టమా ఏంటి?" అని ఇనప గొంతుతోనే గొణిగా. తను వెనక్కి తిరిగి, నా ముఖం చూస్తూ 'నాది' అని ఇంకోసారి అనమంది. అన్నా. "తాతగారూ, మీరు నవ్వుతూ అంటున్నారు. నవ్వితే నోరు పక్కలకి సాగిపోతుంది. 'నా' కాస్తా 'నీ' అయిపోతుంది. నవ్వకుండా అనండి" అంది.

నిజంరా. ఆ మాట చూడగానే మొన్నటి గోలూ, గడ్డి మీద కూలబడ్డ నువ్వూ గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వకుండా అన్నా. 'నాది' అని రాసింది. నువ్వు కూడా అద్దం ముందు నిలబడి పళ్ళు కనిపించేలా నవ్వుతూ అని చూడు.

ఇంటికొచ్చి మీ అక్కని అడిగా. అప్పటి కాంస్యం మ్యాచ్‌కి కూడా తను గోల్ పక్క మెట్ల మీదే కూర్చుంది కదా. "ఆ బంతి వచ్చేటప్పుడు నేను నవ్వుతున్నానా?" అన్నా. పప్పు ఏరుతోంది, తల కూడా ఎత్తలేదు. "నవ్వుతూనే ఉన్నారు. ముఖమంతా పళ్ళే. ఆ నవ్వు చూసే కదా మీ సంబంధం వస్తే సరేనన్నాను" అంది. మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం అంటే, "ఏమన్నావు, ఏం విన్నావు అని మీరిద్దరే కొట్టుకున్నారు. ఎలా అన్నారని నన్నెవరు అడిగారు?" అంది.

ఎందుకు నవ్వానో ఇప్పుడు గుర్తొస్తోందిరా. అది తేలికైన బంతి. ఆకాశంలోంచి నా కోసమే దిగుతున్నట్టుంది. మెట్ల నిండా జనం, పక్కన నువ్వు. ఇంకొక్క గోల్ కొడితే మెడలో పతకం. అంత సంతోషం నాకు అంతకు ముందు లేదు. అరిచింది 'నాది' అనే, కానీ ఆ సంతోషంతో అరిచా. నీ చెవిలో పడింది 'నీది'. నువ్వు సరిగ్గానే విన్నావు. నీ చెవులు భేషుగ్గా ఉన్నాయి.

ఈ ఉత్తరం మీ మనవరాలికి ఇవ్వు, గట్టిగా చదవమను. వచ్చే పెళ్ళిలో నేనే కుర్చీ ఎక్కి చెప్తా. నా గొంతు చాలకపోతే నువ్వు పక్కన నిలబడి నేనన్నది అందరికీ వినిపించేలా చెప్పు. నా మాట సరిగ్గా వినేవాడివి నువ్వొక్కడివే కదా.

ఇది చదవగానే "ఆ గోల్ నాదీ కాదు నీదీ కాదు బావా, మనది" అని రాయడానికి కలం తీస్తావు. రాయకు. తగిలింది నీ తలకి, గోల్ నీదే.

నవ్వు మాత్రం నాది.

బావ